బి1 ఇంజెక్షనా, మాత్రలా: గుటక పడని మనిషికి ఏది మేలు?

మా మేనమామ ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి చుట్టాలంతా నన్ను అడిగేది ఒకటే, విటమిన్ లోపమే కదా, మాత్రలు సరిపోవా అని.

ఆయనకు మందు అలవాటు ఉంది, దానికి తోడు నెల రోజులుగా వాంతులు, తిండి లేదు. మేం ముందు గమనించింది పొలమారడం. పెరుగన్నం ముద్ద ఎలాగో దిగేది కానీ మంచినీళ్లు ఒక్క గుక్క తాగితే చాలు, ఉక్కిరిబిక్కిరై దగ్గేవారు, నీళ్లు ముక్కులోంచి వచ్చేవి. గొంతులో గడ్డేమోనని టెన్షన్ పడ్డాం. ఆ తర్వాత తూలడం, తికమక మాటలు. తీరా అది వెర్నికే ఎన్‌సెఫలోపతీ, అంటే బి1 (థయమిన్) అడుగంటి మెదడు దెబ్బతినడం. మింగడాన్ని నడిపే కేంద్రాలు మెదడు కాండంలో (మెదడు కింద వెన్నుపాముతో కలిసే భాగం) ఉంటాయి, దెబ్బ అక్కడిదాకా వెళితే గొంతు బాగానే ఉన్నా గుటక పడదు.

మాత్రలు చవక, ఇంట్లోనే వేసుకోవచ్చు, కొద్దిపాటి లోపానికి చాలు. కానీ నీళ్లకే పొలమారే మనిషి మాత్ర ఎలా మింగుతాడు? అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పొడి చేసి ముక్కు గొట్టంలో వేసినా పేగులు పీల్చుకునేది కొంచెమే, మద్యం తాగేవాళ్లలో మరీ తక్కువ. నా దృష్టిలో తేల్చేది ఇదే. మెదడుకు ఇప్పటికిప్పుడు కావాల్సినంత బి1 నరం ద్వారానే అందుతుంది. సాధారణంగా 500 మిల్లీగ్రాములు సెలైన్‌లో కలిపి అరగంట పాటు, రోజుకు మూడుసార్లు, రెండు మూడు రోజులు ఎక్కిస్తారు. అరుదుగా ఎలర్జీ రావచ్చు కాబట్టి ఆసుపత్రిలోనే చేయించాలి. ఎంఆర్ఐ రిపోర్టు వచ్చేదాకా ఆగకూడదు, అది మామూలుగా ఉన్నా జబ్బు ఉండొచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. నీరసంగా ఉన్నారని మొదట చూపించిన చోట ఆయనకు ఉత్త గ్లూకోజ్ బాటిల్ పెట్టారు. గ్లూకోజ్‌ని వాడుకోవాలంటే బి1 కావాలి, అసలే లేనిచోట ఉన్న కాస్తా కరిగిపోతుంది. బాటిల్ ఎక్కించే ముందు బి1 ఇచ్చారా అని అడగండి.

తాగనివాళ్లకు రాదనుకోకండి. 1881లో జర్మన్ డాక్టర్ కార్ల్ వెర్నికే ఈ జబ్బు గురించి రాసిన ముగ్గురు రోగుల్లో ఒకామె కుట్టుపని చేసుకునే యువతి, యాసిడ్ తాగి పొట్ట పాడై వాంతులతో ఈ స్థితికి వచ్చింది. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకే సరిపోతుంది, గర్భిణుల్లో ఆగని వాంతులకీ ఇదే భయం.

దంపుడు బియ్యం, పప్పులు మంచివే, కోలుకున్నాక.

మామయ్య ఐదో రోజున మెత్తటి పెరుగన్నం పొలమారకుండా తిన్నారు. గ్లాసెత్తి నీళ్లు తాగడానికి మరో మూడు వారాలు పట్టింది. ఇప్పుడు మాత్రలే వేసుకుంటున్నారు.