హనుమకొండలో స్పేర్ సాధనకు తగిన బౌలింగ్ కేంద్రం

బంతి దొర్లించి పది పిన్‌లను పడగొట్టే బౌలింగ్ ఆటలో చప్పట్లు స్ట్రైక్‌కే (మొదటి బంతికే పదీ పడితే) పడినా స్కోరును నిలబెట్టేది స్పేరే (మిగిలినవి రెండో బంతికి పడితే). స్పేర్‌కు పదితో పాటు తర్వాతి బంతికి పడిన పిన్‌లూ కలుస్తాయి. ఆటలోని పది ఫ్రేముల్లోనూ (విడతల్లోనూ) మొదటి బంతికి 9 పిన్‌లు, రెండో బంతికి మిగిలిన ఒక్కటి పడగొట్టి, చివరి అదనపు బంతికీ 9 తెచ్చుకుంటే, ఒక్క స్ట్రైక్ కూడా లేకుండానే 190 వస్తుంది. ఆ సాధన కోరేవారికి హనుమకొండలో నేను వెళ్లే కేంద్రాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను.

ఇక్కడ పిన్‌లను దారాలతో లేపే యంత్రం ఉంది. ఎన్ఐటీ విద్యార్థుల రద్దీ మొదలుకాక ముందు వెళ్లి అడిగితే, మనకు కావలసిన పిన్‌లను మాత్రమే సిబ్బంది నిలబెట్టిస్తారు. కుడిచేతి వాటం వారిని ఎక్కువగా వేధించే పదో పిన్‌ను (వెనుక వరుసలో కుడి చివరిదాన్ని) ఇలా ఒంటరిగా నిలబెట్టించుకుని, ఎడమ అంచున నిలబడి, భుజాలను ఆ పిన్ వైపు తిప్పి, లేన్ (బంతి దొర్లే బాట)పై ఉన్న నడిమి బాణం గుర్తు మీదుగా ఐమూలగా బంతి వేయడం అలవాటు చేసుకోవచ్చు. ఈ దారిలో బంతి చివరి వరకూ లేన్ కుడి అంచున ఉన్న కాలువకు దూరంగా ఉంటుంది. ఇక్కడి బంతులు నున్నని ప్లాస్టిక్‌వి కావడం వల్ల నూనె పూసిన లేన్‌పై పెద్దగా వంపు తిరగవు. స్ట్రైక్‌కు అది లోటే అయినా స్పేర్‌కు మేలు.

రెండో పిన్ వెనుక ఎనిమిదోది దాగినప్పుడు ముందున్నదాన్ని సరిగ్గా నడిమికి కొట్టాలి, లేకుంటే బంతి పక్కకు తప్పుకుని వెనుకది నిలిచిపోతుంది. మూడో పిన్, దానికి కుడి వెనుకగా దూరంలో పదో పిన్ మిగిలితే మాత్రం మూడో పిన్ కుడి పక్కను తాకించాలి. బంతి అటే ఒరిగి పదోదాన్ని పడగొడుతుంది.

అయితే ఒక పిన్ ఎగిరినప్పుడు దాని దారం పక్క పిన్‌ను లాగి పడేయవచ్చు కాబట్టి, విడిపోయిన పిన్‌ల విషయంలో ఇక్కడి ఫలితాన్ని పూర్తిగా నమ్మకూడదు. అమెరికాలో ఈ ఆట నియమాలు చూసే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ కూడా 2023లో దారాల పిన్‌ల ఆటను ప్రత్యేక విభాగంగానే గుర్తించింది.

నన్ను నిజంగా బాధించే లోపం వేరే ఉంది. చివరి లేన్‌పై బాణం గుర్తులు దాదాపు చెరిగిపోయాయి. గురి పెట్టవలసింది 60 అడుగుల అవతలి పిన్‌కు కాదు, దాదాపు 15 అడుగుల దూరంలోని ఆ గుర్తులకే కనుక, వాటిని బాగుచేయించే వరకూ ఆ లేన్ ఇస్తే వద్దనండి.