లంబసింగి చలిలో మా ఫ్యామిలీ టెంటు: వానకి పాసు, మంచుకి ఫెయిలు

సైజు, బరువు, రంగులు అమ్మేవాడి పేజీలోనే ఉంటాయి, వాటి జోలికి పోను. నా గొడవంతా ఒక్కటే, బయట చుక్క వాన లేకపోయినా ఈ టెంటు లోపల దుప్పట్లు తడుస్తాయి.

మేం వైజాగ్ వాళ్లం. చలికాలం వచ్చిందంటే కారులో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కి, చింతపల్లి, జి.మాడుగుల, పాడేరు, అరకు తిరిగి, అనంతగిరి ఘాట్‌లో ఎస్.కోటకి దిగిపోతాం. కొన్న కొత్తలో ఈ టెంటుని కనపడిన ప్రతివాళ్ల దగ్గరా తెగ పొగిడాను, ఎందుకంటే పైన తాడు లాగితే గొడుగులా విచ్చుకుంటుంది, మా ఆయన డిక్కీలోంచి స్టవ్వు దింపేలోపు ఇల్లు రెడీ.

అసలు సంగతి తాజంగి రిజర్వాయర్ దగ్గర బయటపడింది. డబ్బులు కట్టి టెంటు వేసుకునే చోటు, డిసెంబర్ నెల, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చలి గురించి చెప్పక్కర్లేదు కదా, అందుకని కిటికీల జిప్పులన్నీ బిగించి ఐదుగురం లోపల ముడుచుకున్నాం. అర్ధరాత్రి దాటాక చిన్నది లేచి "అమ్మా వాన పడతందా, మొహం మీద చుక్క పడింది" అంది. టార్చ్ వేసి చూస్తే పైకప్పు నిండా నీటి బొట్లు, మా ఆయన లేవబోయి తల తగిలించేసరికి అన్నీ ఒక్కసారే మా మీద. గోడ పక్కన పడుకున్న పెద్దాడి స్లీపింగ్ బ్యాగ్ అయితే పిండుకోవచ్చు. అత్తయ్యగారు "డబ్బులిచ్చి తడవడానికి వచ్చామేట్రా" అని శాలువా కప్పుకుని కారులోకి వెళ్లిపోయారు, తెల్లారేదాకా రాలేదు. అక్కడి కుర్రాడు పాపం కుంపటి తెచ్చి లోపల పెట్టుకోమన్నాడు గానీ వద్దన్నాం. మూసేసిన టెంటులో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన కూడా ఉండదు, ప్రాణానికే ముప్పు.

జరిగేదేంటంటే, మన ఊపిరిలో తడి ఉంటుంది, అది చల్లటి గుడ్డకి తగిలి నీళ్లవుతుంది. 2000 ఎంఎం వాటర్‌ప్రూఫ్ అని గొప్పగా రాస్తారే, అది బయట నీళ్లని ఎంతవరకు ఆపుతుందో చెప్పే లెక్క, ఆ కోటింగే లోపలి ఆవిరినీ బయటికి పోనివ్వదు. రెండు పొరల టెంట్లలో లోపల దోమతెరలాంటి మెష్, బయట వేరే గుడ్డ, మధ్యలో గాలి, కాబట్టి బొట్లు బయటి పొర మీదే జారిపోతాయి. దీనికేమో నెత్తిన టోపీలా చిన్న ముక్క, చుట్టూ ఒకటే పొర.

ఇప్పుడైతే ఎంత చలైనా ఎదురెదురు కిటికీలు పైన జానెడు తెరిచే పెడుతున్నాం, నీళ్ల ఒడ్డున కాకుండా చెట్ల కింద వేస్తున్నాం, మంకీ క్యాపులు తప్పవనుకోండి. అరకులో అలా చేస్తే చాలావరకు పొడిగానే ఉంది. కానీ గోడకి తగలకుండా పడుకోవాలంటే పిల్లలు, నేను, అంతే, మా ఆయనా అత్తయ్యగారూ కారులోనే.

వాన విషయంలో మాత్రం వంక పెట్టను. ఆగస్టులో అనంతగిరి దగ్గర రాత్రంతా కుండపోత, లోపలికి చుక్క రాలేదు. అయితే పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి మబ్బులు చూడాలని తెల్లారకుండానే తడి టెంటు చుట్టేసి బయల్దేరడం మాకు అలవాటు, పైగా వైజాగ్ ఉక్క, అపార్ట్‌మెంట్‌లో ఆరేసే జాగా లేదు. దాంతో లోపలి కోటింగ్ జిగురుగా అయిపోయి అదో రకం వాసన. ఇంకో వానాకాలం ఆగుతుందంటే నమ్మకం లేదు.

ఇద్దరే వెళ్లేవాళ్లయితే, మరీ చలి లేని చోటైతే తీసుకోవచ్చేమో. మాలాగా పిల్లలూ పెద్దలతో డిసెంబర్‌లో లంబసింగి ఎక్కేవాళ్లకైతే నేను కొనమని చెప్పలేను. రెండు పొరలది చూస్తున్నా, కానీ దానికి రాడ్లు ఒక్కొక్కటీ దూర్చి నిలబెట్టుకోవాలంట, మా ఆయన నడుంనొప్పి ఒప్పుకుంటుందో లేదో.