మానిటోబాలో ఉన్నవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన విమాన మ్యూజియం

విన్నిపెగ్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చుట్టాలొస్తే ఎక్కడికి తీసుకెళ్లాలో తోచక చూపించిందే మళ్లీ మళ్లీ చూపిస్తుంటారు, వాళ్లకోసం రాస్తున్నా. ట్రాన్స్ కెనడా హైవే పట్టుకుని పడమరగా రెండు గంటలు దాటి డ్రైవ్ చేస్తే బ్రాండన్ వస్తుంది. ఊరికి ఉత్తరాన ఎయిర్‌పోర్టు దగ్గరే కామన్వెల్త్ ఎయిర్ ట్రైనింగ్ ప్లాన్ మ్యూజియం ఉంది. నా రేటింగ్ ఐదుకి నాలుగున్నర.

ముందే చెప్తున్నా, జెట్‌లు, మిసైళ్లు చూద్దామని వెళ్తే నిరాశ తప్పదు. ఇది యుద్ధం చేసిన విమానాల మ్యూజియం కాదు, యుద్ధానికి వెళ్లేవాళ్లకి పాఠాలు నేర్పిన విమానాల మ్యూజియం. రెండో ప్రపంచయుద్ధం మొదలైన కొత్తల్లో, 1939 డిసెంబరు 17న కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ కలిసి ఒక ఒప్పందం చేసుకున్నాయి: పైలట్లు, నావిగేటర్లు, గన్నర్లు ఇలా వేలమందికి శిక్షణ కెనడాలో ఇవ్వాలని. కెనడాయే ఎందుకంటే, శత్రువు విమానం ఇంతదూరం రాలేదు, నేల చూస్తే కనుచూపు మేర చదును, పక్కనే అమెరికా ఫ్యాక్టరీలు. 1945లో ఆపేసేసరికి 1,31,553 మంది కెనడాలో శిక్షణ పూర్తి చేసుకున్నారు, అందులో దాదాపు 50 వేలమంది పైలట్లు. మ్యూజియం ఉన్న హ్యాంగర్ కూడా ఆ రోజుల్లో కట్టిందే, 12వ నంబర్ సర్వీస్ ఫ్లయింగ్ ట్రైనింగ్ స్కూల్‌ది. అద్దాల పెట్టెల్లో పెట్టి చూపించే దానికీ, అసలు పని జరిగిన షెడ్డులోనే నిలబడి చూడటానికీ చాలా తేడా ఉంటుంది, తలెత్తి పైకప్పు చూస్తేనే ఆ సంగతి అర్థమవుతుంది.

శిక్షణ విమానాలు దాదాపు అన్నీ పసుపు పూసిన గడపల్లా ఉంటాయి, అంత పసుపు! నేర్చుకునేవాడు నడుపుతున్నాడు, దూరం నుంచే కనిపించాలి, అందుకు. మొదట టైగర్ మాత్, ఫించ్, కార్నెల్ లాంటి చిన్నవాటి మీద ఎగరడం నేర్పేవాళ్లు. ఫైటర్‌కి పనికొస్తాడనిపిస్తే హార్వర్డ్, బాంబర్ల వైపైతే రెండు ఇంజన్ల యాన్సన్ లేదా క్రేన్. యాన్సన్ చక్రాలు లోపలికి ముడవాలంటే హ్యాండిల్ చేత్తో వందకు పైగా చుట్లు తిప్పాలి, ఆ కర్మ ఎవరి నెత్తిన పడేదో ఊహించుకోండి. నాకు మాత్రం అన్నిటికన్నా నచ్చింది లింక్ ట్రైనర్. పొట్టి రెక్కల చెక్క డబ్బా, ఎక్కడికీ ఎగరదు, మూత వేస్తే బయటేమీ కనపడదు, మీటర్లు చూసి మాత్రమే నడపాలి. దాన్ని తయారుచేసిన ఎడ్విన్ లింక్ వాళ్ల కుటుంబానిది ఆర్గాన్ వాద్యాల ఫ్యాక్టరీ, ఆ వాద్యంలో గాలి ఊదే తిత్తులే ఈ డబ్బాని అటూ ఇటూ ఒరిగేలా చేస్తాయి. మా మేనల్లుడు "ఇది వీడియో గేమ్ కదా మావయ్యా" అన్నాడు, కాదనడానికి నా దగ్గర మాటేమీ లేదు.

ఇక నేను రివ్యూ రాయడానికి అసలు కారణం. ఇలాంటిచోట్ల ఎప్పుడూ పైలట్ ఫొటోనే పెద్దగా ఉంటుంది, ఇక్కడ కూడా పైలట్లు బోలెడుమంది ఉన్నారనుకోండి, కానీ చదువుతూ పోతే కథ నేలమీదికి దిగుతుంది. 1943 చివరినాటికి దేశమంతటా 107 స్కూళ్లు, వాటికి తోడు 184 సహాయ యూనిట్లు, వాటిని నడపడానికి లక్షమందికి పైగా సిబ్బంది. ఇంజన్ విప్పి బిగించేవాడు, వంటవాడు, టెలిఫోన్ ఆపరేటర్, ప్యారాచూట్ మడతపెట్టే అమ్మాయి. ఆ మడత తప్పితే ఏమవుతుందో వేరే చెప్పాలా? 17 వేలకు పైగా ఆడవాళ్లు ఎయిర్‌ఫోర్స్ మహిళా విభాగంలో చేరారు, వాళ్ల నినాదానికి అర్థం "మగవాళ్లు ఎగరడానికి మేం సేవ చేస్తాం" అని. జీతం మాత్రం మొదట్లో మగవాళ్లకిచ్చేదాంట్లో మూడింట రెండు వంతులే, 1943లో పెంచితే ఐదింట నాలుగు వంతులు. నినాదం ఎవరు రాశారో గానీ జీతం లెక్క రాసినవాడు చాలా జాగ్రత్తపరుడు.

ఇన్‌స్ట్రక్టర్ల సంగతి ఇంకో రకం. క్లాసులో బాగా ఎగిరినవాళ్లలో చాలామందిని యుద్ధానికి పంపకుండా ఇక్కడే నేర్పడానికి ఆపేశారు, వాళ్లేమో మమ్మల్నీ పంపండి మహాప్రభో అని అర్జీలు పెట్టుకునేవాళ్లు. బయట నల్ల గ్రానైట్‌తో పొడవాటి స్మారక గోడ ఉంది, రెండో ప్రపంచయుద్ధంలో పోయిన 19 వేలమందికి పైగా పేర్లు చెక్కారు. అది చూసి తీరాలి. కానీ గోడమీద చనిపోయినవాళ్ల పేర్లే కదా ఉంటాయి, యుద్ధమయ్యాక స్పానర్ పక్కనపెట్టి పొలానికి తిరిగెళ్లిన మెకానిక్ గురించి తెలుసుకోవాలంటే లోపల హ్యాంగర్‌లోనే టైమ్ పెట్టాలి. చాలామంది గోడ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోతారు, ఆ పని చేయకండి. అన్నట్టు ఆ విమానాల్లో చాలావాటిని యుద్ధం తర్వాత రైతులు చక్రాలకీ విడిభాగాలకీ కారుచౌకగా కొనుక్కున్నారు, వాళ్ల పొలాల్లో మిగిలిన తుక్కు ఏరి తెచ్చి మళ్లీ విమానాలుగా నిలబెట్టినవే ఈ మ్యూజియంలో ఎక్కువగా ఉన్నాయి.

ఇదంతా చూస్తుంటే బేగంపేట గుర్తొచ్చింది. ఆ యుద్ధకాలంలోనే అక్కడా టైగర్ మాత్‌ల మీద ప్రాథమిక శిక్షణ స్కూల్ నడిచింది, అక్కడ నట్లు బిగించినవాళ్లలో మన ఊళ్లవాళ్లు ఎంతమందో! వాళ్ల మనవలు ఎవరైనా ఇది చదువుతుంటే పాత ఫొటోలు పారేయకండి.

అర మార్కు తగ్గించింది చదవాల్సింది ఎక్కువ కాబట్టి. బొమ్మలూ బటన్లూ అలవాటైన చిన్నపిల్లలతో వెళ్తే గంటకే గొడవ మొదలవుతుంది, పదేళ్లు దాటినవాళ్లయితే బావుంటుంది. రోజంతా కాదు, సగం రోజు చాలు. చలికాలంలో వెళ్తే లోపల కూడా జాకెట్ వేసుకునే తిరగండి, పనివేళలు బయల్దేరేముందే చూసుకోండి. దారిలో ఒకచోట బిర్యానీ అని బోర్డు చూసి ఆగాం, పేరు చెప్పను, పసుపన్నంలో బఠాణీలు వేసిచ్చారు. పులిహోర కట్టుకెళ్లడమే మేలు.