వాడిన లోలిటా దుస్తుల కోసం టోక్యో, ఒసాకా: దుకాణాలు, బసలు, సేవలు

జపాన్‌లో వాడిన లోలిటా దుస్తులు కొనడానికి వెళ్ళేవారికి ఏ దుకాణం పెద్దదో, ఎక్కడ చౌకో చెప్పేవారు చాలామంది దొరుకుతారు. అక్కడ కొన్న గౌను ఇంటికి చేరి, ఒక వానాకాలం గడిచాక ఏ స్థితిలో ఉంటుందో చెప్పేవారే తక్కువ. 2019 నవంబరులో టోక్యో, ఒసాకా నగరాలలో నేను చూసిన దుకాణాలను, ఉన్న బసలను, వాడుకున్న సేవలను ఈ ఒక్క కొలతతోనే ఇక్కడ తూచుతున్నాను. బట్టకు మేలు చేసినది మంచి చోటు, బట్టను పాడుచేసినది ఎంత పేరున్నదైనా నా లెక్కలో వెనకబడినట్టే.

ఈ శైలి పరిచయం లేనివారి కోసం కొంచెం చెప్పాలి. మోకాళ్ళ దాకా ఉబ్బి నిలిచే పావడా భాగం, మెడ దాకా గుండీలున్న జాకెట్టు, తలపై పెద్ద రిబ్బను ముడి లేదా గడ్డం కింద రిబ్బనుతో కట్టుకునే బానెట్ టోపీ, లోపల పానియర్ అనే నెట్ లంగా, అన్నింటి అంచులకూ లేసు: ఇదీ స్థూలంగా వేషం. పానియర్ అంటే మన బొటిక్‌లలో లెహంగా కింద వేసే క్యాన్‌క్యాన్‌కు దగ్గరి చుట్టమే. 1979లో టోక్యోలోని హరజుకులో చిన్న దుకాణంగా మొదలైన ఏంజెలిక్ ప్రెట్టీ, 1988 నాటి బేబీ ద స్టార్స్ షైన్ బ్రైట్, ఒసాకాలో 1993లో పుట్టిన మెటామార్ఫోజ్, 1998లో అక్కడే పుట్టిన ఇన్నోసెంట్ వరల్డ్ ఇందులో పేరున్న సంస్థలు. నేను వెళ్ళిన 2019లో కొత్త గౌను ధర 30,000 యెన్‌లకు అటూ ఇటూ ఉండేది. పైగా గుడ్డ మీద వేసే ఒక్కో బొమ్మల ముద్రణను కొద్ది సంఖ్యలోనే వేసి ఆపేస్తారు గనుక, పదేళ్ళనాటి డిజైను కావాలంటే వాడిన బట్టల దుకాణం తప్ప దారి లేదు.

హరజుకులో అడుగుపెట్టగానే పాత బట్టల వైపు పరుగెత్తకుండా, ముందు లాఫొరే భవనానికి వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం. 1978లో తెరిచిన ఆ భవనపు అడుగు అంతస్తులలో ఇలాంటి సంస్థల కొత్త సరుకు దొరుకుతుంది. అసలు నూలు లేసు వేలికి ఎలా తగులుతుందో, లోపలి అస్తరు కుట్టు ఎంత శుభ్రంగా ఉంటుందో, చారలు కుట్టు దగ్గర ఎలా కలుస్తాయో ఒక గంట చూసి వస్తే, తరువాత నకళ్ళను పోల్చుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు. కొనకపోయినా అక్కడి అమ్మాయిలు విసుక్కోరు. అడుగడుగునా వెంట తిరుగుతారన్నదే మొహమాటస్థులకు కొంత ఇబ్బంది.

అక్కడి నుంచి తకెషితా వీధి నడక దూరమే. 350 మీటర్ల ఆ సందులో ఆదివారం నాడు బట్టలు చూడడం మాట అటుంచి, మనం కొన్న సంచీని కాపాడుకోవడమే పనవుతుంది. పని దినాన, దుకాణాలు తెరిచే 11 గంటల వేళకు వెళ్ళాలి. ఈ ప్రాంతంలో నేను ఎక్కువ సమయం గడిపినది క్లోసెట్ చైల్డ్‌లో. లోలిటా, గోథిక్, పంక్ దుస్తులను మాత్రమే కొని అమ్మే దుకాణాల వరుస అది. జపాన్‌లో వాడిన వస్తువుల వ్యాపారానికి 1949 నాటి చట్టం కింద పోలీసు స్టేషన్ ద్వారా అనుమతి తీసుకోవాలి, అమ్మవచ్చినవారి గుర్తింపునూ సరిచూడాలి. అందువల్ల దొంగసొత్తేమోనన్న శంక అంతగా ఉండదు. బట్టలు సంస్థల వారీగా వేలాడుతుంటాయి, నగలు అద్దాల బీరువాలో ఉంటాయి, లోపల ఫోటోలు తీయకూడదు.

ఆ దుకాణాన్ని నేను మెచ్చుకునేది సరుకును చూసి కాదు, చీటీని చూసి. ప్రతి చీటీ మీదా ధరతో పాటు లోపం కూడా రాసి ఉంటుంది. నాలుగు మాటలు నేర్చుకుని వెళితే చాలు: షిమి అంటే మరక, ఇరోఅసే అంటే రంగు వెలవడం, హొత్సురే అంటే కుట్టు లేదా అంచు విడిపోవడం, కెప్పిన్ అంటే ఉండవలసినదేదో లేకపోవడం. ఈ చివరి మాటే కొనేవారికి అన్నింటికన్నా ముఖ్యం. నడుముకు వెనుక కట్టుకునే పట్టీలు, ఛాతీ మీద పిన్నుతో పెట్టే రిబ్బను ముడి, విడదీయగల భుజం పట్టీలు పోతే, అదే ముద్రణతో గుడ్డ మళ్ళీ దొరకదు. మరకను ఒప్పుకోవచ్చు గానీ కెప్పిన్‌ను బాగా ధర తగ్గితే తప్ప ఒప్పుకోకూడదు.

ఒక ముదురు ఎరుపు గౌనును అక్కడ నిదానంగా పరీక్షించాను. వీపు భాగంలో ఎలాస్టిక్ దారంతో కుచ్చిన పట్టీని, అంటే షర్రింగ్‌ను, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా లాగితే సన్నగా చిటచిటమన్న చప్పుడు వచ్చింది. రబ్బరు ఎండిపోయిందనడానికి అదే గుర్తు. రెండుసార్లు తొడిగితే దారాలు తెగి వీపు వదులైపోతుంది. చంకల కింద అస్తరును వెలుతురుకు పెట్టి చూశాను, జిప్పును చివరిదాకా నడిపాను, అంచు లేసును వేళ్ళ మధ్య జరుపుకుంటూ చుట్టంతా తిప్పాను. లేసు నిక్షేపంగా ఉంది. షర్రింగ్ మార్చడం హైదరాబాదులో మంచి దర్జీకి సాధ్యమే గనుక, ధర కూడా కొత్తదానిలో మూడో వంతుకన్నా తక్కువ ఉంది గనుక, కొన్నాను. తొడిగి చూసేటప్పుడు ముఖానికి వేసుకునే పల్చటి ముసుగు ఇస్తారు. పౌడరు, లిప్‌స్టిక్ మరకలు బట్టకు అంటకుండా ఈ ఏర్పాటు. మన దగ్గర డిజైనర్ లెహంగాలు అమ్మేవారు దీన్ని ఎందుకు నేర్చుకోలేదో నాకు అర్థం కాదు.

షింజుకులోని క్లోసెట్ చైల్డ్ దుకాణం హరజుకు నుంచి రైలులో రెండు స్టేషన్ల దూరం. రద్దీ కొంత తక్కువ, నలుపు రంగు గోథిక్ సరుకు ఎక్కువ, బ్లౌజులు మాత్రం ధరకు తగ్గట్టు బాగున్నాయి. షిమోకితజవా పాత బట్టలకు ప్రసిద్ధమే గానీ అక్కడివి ఎక్కువగా అమెరికన్ జీన్సు, చొక్కాలు. ఈ పని మీద వెళ్ళేవారికి సాయంకాలపు కాఫీకి తప్ప ఉపయోగపడదు.

ఒసాకాకు నొజొమి అనే బుల్లెట్ రైలులో రెండున్నర గంటలు. షిన్సాయిబాషి పక్కన అమెరికామురా ప్రాంతంలో చూసినంతలో, రెండు ఒసాకా సంస్థల పాత సరుకు టోక్యో కన్నా తీరిగ్గా చూసుకునే వీలు కలిగింది. కేవలం దీనికోసమే రైలు ఖర్చు పెట్టుకోమని మాత్రం చెప్పను. క్యోటో, నారా చూడాలనుకునేవారు ఒక పూట కలుపుకుంటే సరిపోతుంది. నేను వెళ్ళినప్పుడు లేని నియమం ఒకటి 2020 మే నుంచి వచ్చింది: పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెతో ఆ బుల్లెట్ రైలు మార్గమైన తొకైదో షిన్‌కాన్‌సెన్ ఎక్కాలంటే దానికి చోటున్న సీటును ముందే రిజర్వు చేసుకోవాలి, లేకపోతే 1,000 యెన్‌లు అదనంగా కట్టాలి. పానియర్లతో ఉబ్బిన పెట్టెలు ఈ కొలతను ఇట్టే దాటుతాయి.

ఇక బసలు. మొదట దిగినది షిబుయా దగ్గర ఒక బిజినెస్ హోటల్. స్టేషనుకు దగ్గర, పరుపు శుభ్రం, కానీ గదిలో పెట్టె తెరిచి పెట్టడానికి నేల లేదు. పొగ తాగని గది అని ఇచ్చినా పరదాలకు సిగరెట్ వాసన ఉంది. నూలు బట్టలు, మఖమల్ లాంటి వెల్వెటీన్ బట్టలు ఆ వాసనను రాత్రికి రాత్రే పట్టుకుంటాయి. అక్కడి నుంచి షిన్‌ఒకుబొలోని ఒక చిన్న అతిథిగృహానికి మారాను. తతామి అనే చాపలు పరిచిన గది, పక్కన స్నానాల గది ఉమ్మడి, గోడలు పలచన, పక్కవారి గురక కూడా వినిపిస్తుంది. అయినా, కొన్నవన్నీ శుభ్రమైన తతామి మీద పరుచుకుని, ఒక్కొక్కటీ మళ్ళీ చూసుకునే వీలు ఏ పెద్ద హోటలులోనూ దొరకలేదు. యమనోతె రైలు మార్గం మీద షింజుకు పక్క స్టేషను కావడం, చుట్టూ దక్షిణాసియా దుకాణాలలో కందిపప్పు, పచ్చిమిర్చి దొరకడం అదనపు సౌకర్యాలు. ఈ ప్రయాణానికి నా ఓటు దానికే.

చివరి రోజులు నిషికసైలో మా పిన్ని కూతురి ఇంట్లో ఉన్నాను. టోక్యోలో భారతీయులు, వారిలో మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు, ఎక్కువగా ఉండే ప్రాంతమది. తోజై మెట్రో మార్గంలో నిహోంబాషి వెళ్ళి, గింజా మార్గం పట్టుకుంటే ఒమొతెసందొ. అక్కడి నుంచి హరజుకు దుకాణాలకు నడవవచ్చు. వాళ్ళ ఫ్లాటులో స్నానాల గది పైకప్పులో బట్టలారేసే గాలి యంత్రం ఉంది. సిగరెట్ వాసన పట్టిన తెల్ల బ్లౌజును చేత్తో ఉతికి అక్కడ ఆరేశాము. "అక్కా, కింద కాయిన్ లాండ్రీలో పది నిమిషాల పని కదా" అంది గానీ, ఆ డ్రయ్యర్ల వేడి ఎలాస్టిక్‌కు, లేసుకు రెంటికీ శత్రువే. ఊళ్ళో ఎన్ని కాయిన్ లాండ్రీలు ఉన్నా ఈ బట్టలకు అవి లేవనే అనుకోవాలి.

సామాను చేరవేతలో జపాన్‌ను మెచ్చుకోకుండా ఉండలేము. 1976లో యమతొ సంస్థ మొదలుపెట్టిన తక్క్యూబిన్ పద్ధతి ప్రకారం, బస చేసిన చోటే పెట్టె అప్పగిస్తే విమానాశ్రయపు కౌంటరులో తీసుకోవచ్చు. రెండు రోజుల ముందు అప్పగించాలన్నది గుర్తుంచుకుంటే చాలు. ఇంటి నుంచే కొనేవారికి వుండర్‌వెల్ట్ వంటి ప్రత్యేక దుకాణాలు విదేశాలకు నేరుగా పంపుతాయి. మెర్కారి, యాహూ వేలాల వంటి ఆన్‌లైన్ అమ్మకపు చోట్ల అయితే మన తరఫున కొని పంపే ప్రాక్సీ సంస్థ కావాలి. వస్తువుకింత రుసుము, జపాన్ లోపలి తపాలా, విదేశీ తపాలా, పైన మన కస్టమ్స్ సుంకం కలిపితే 2,000 యెన్‌ల తల రిబ్బను ధర రెట్టింపుకు చేరడం మామూలే. ఇలాంటి ఒక ప్రాక్సీ పంపిన బానెట్ నాకు అప్పడంలా అణిగి వచ్చింది. పెట్టె చిన్నదైతే తపాలా తగ్గుతుందని వారు దాన్ని మడిచి కట్టారు. బానెట్లు, ఆర్గాంజా పానియర్లు నేరుగా దుకాణంలో కొని చేతిసంచీలో తెచ్చుకోవలసినవే. గాలి పీల్చేసే సంచులలో ఆర్గాంజాను నొక్కి తెస్తే ఆ ముడతలు పూర్తిగా పోవు.

ఇంటికి తెచ్చాక మొదటి పని ఉతకడం కాదు, రంగు పరీక్ష. తడి తెల్లగుడ్డను లోపలి కుట్టు మీద ఒక నిమిషం అదిమితే ఎరుపు, నలుపు దిగేవో కావో తెలిసిపోతుంది. దిగేదైతే, తెల్ల లేసు ఉన్న గౌనును నీళ్ళలో పెట్టనే కూడదు. దిగనిదైతే చల్లటి నీరు, ఘాటు లేని ద్రవ సబ్బు, పిండకుండా తువ్వాలులో చుట్టి నీటిని తీయడం, నీడన పరిచి ఆరబెట్టడం. హైదరాబాదు బోరు నీటిలోని ఉప్పు తెల్ల లేసును మొద్దుబారుస్తుంది కాబట్టి చివరి జాడింపు ఫిల్టరు నీటితో చేస్తాను. వెల్వెటీన్‌ను, బంగారు పూత ముద్రణను డ్రైక్లీనింగ్ వారికి ఇచ్చేటప్పుడు పూత మీద ఇస్త్రీ పెట్టవద్దని చీటీ రాసి పిన్ను చేయాలి. మాటతో చెప్పినది కౌంటరు దాటి లోపలికి వెళ్ళదు.

చిరిగిన లేసు విషయంలో నరసాపురం క్రోషే లేసు మీద ఆశ పెట్టుకున్నాను. పనితనంలో దానికి వంక పెట్టలేము, కానీ గౌను అంచున ఉండే, దారాలు అల్లి చేసిన పల్చటి టార్షన్ లేసు పక్కన అది మందంగా, వేరుగా కనిపిస్తుంది. పాడైన ముక్కకు అతుకుగా కాక, బ్లౌజు కాలరుకో చేతులకో మొత్తంగా మార్చితేనే నప్పింది.

భద్రపరచడంలో మన ఇళ్ళలో ఉన్న అలవాట్లు సగం పనికొస్తాయి, సగం రావు. పట్టుచీరలకు వాడే ఉతికిన పాత పంచెలు వీటికీ మంచివే. బరువైన గౌనును హ్యాంగరుకు వేలాడదీస్తే భుజం పట్టీలు సాగుతాయి కాబట్టి, మడతల మధ్య గుడ్డ చుట్టలు పెట్టి పడుకోబెట్టాలి. కలరా ఉండలు మాత్రం వద్దు: వాటి ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, గుండీలు, తలపిన్నుల పూసలు జిడ్డు కట్టవచ్చు, వాసన షర్రింగ్ మడతలలో నెలల తరబడి నిలుస్తుంది. ఎండిన వేపాకు గుడ్డ మూటలో కట్టి, సిలికా జెల్ పొట్లాలతో పాటు పెడుతున్నాను.

బూట్లు, చేతిసంచులు వాడినవి కొనవద్దనే చెబుతాను. వాటిలో చాలావరకు పాలియురెథేన్ పూతతో చేసిన కృత్రిమ తోలువే. ఆ పూత వాడినా వాడకపోయినా గాలిలోని తేమకు కొన్నేళ్ళలో పొలుసులుగా రాలిపోతుంది, మన తీరప్రాంతాలలో ఇంకా త్వరగా. కాలం విషయానికి వస్తే, సంస్థలన్నీ కొత్త సంవత్సరానికి లోపల ఏముందో చెప్పని అదృష్టపు సంచులు అమ్ముతాయి. తమకు నప్పనివి వచ్చినవారు వాటిని వెంటనే పాత బట్టల దుకాణాలకు తెచ్చి ఇస్తారు. తొడగని గౌన్లు, అనుబంధాలేవీ పోకుండా, తక్కువ ధరకు కావాలనుకునేవారు నవంబరు బదులు జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో టికెట్టు తీసుకోవచ్చు.