జెల్ పాలిష్‌తో మూడేళ్లు

నా కుడిచేతి బొటనవేలి గోరు మీద అడ్డంగా ఒక గాడి ఉంది. ఐదు నెలల కిందట అది గోరు మొదట్లో, చర్మాన్ని ఆనుకుని ఎర్రగా ఉండేది. గోరు పెరిగేకొద్దీ ముందుకు జరుగుతూ ఇప్పుడు చివరి అంచుకు చేరింది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుందని చదవడం వేరు, ఒక దెబ్బ ఆ వేగంతో కళ్ల ముందు నడిచి వెళ్లడం చూడటం వేరు.

మూడేళ్లు జెల్ పాలిష్ వాడాక నా చేతికి మిగిలిన గుర్తు ఇదొక్కటే. తిట్టడానికి కూర్చున్నానని అనుకోవద్దు, మళ్లీ వేయించుకుంటాను కూడా. కాకపోతే మొదటిరోజు తళతళలు చూసి రాసిన అభిప్రాయాలు బోలెడున్నాయి. నలభయ్యోసారి సంగతి చెప్పేవాళ్లే తక్కువ.

గోళ్ల రంగంటే నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టం, ఓపిక మాత్రం లేదు. మామూలు పాలిష్ ఆరేలోపే ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. దుప్పటి మడతపెడితే దాని నేత గోటి మీద అచ్చు పడుతుంది. అంట్లు తోమితే మూడోరోజుకు అంచులు లేచిపోతాయి. జెల్‌తో ఆ బాధ లేదు. మామూలు పాలిష్‌లోని ద్రావకం ఆవిరైపోతే అది ఆరుతుంది. జెల్ మాత్రం ల్యాంపు వెలుతురు తగిలి గట్టిపడుతుంది, అందులోని చిన్న చిన్న అణువులు గొలుసుల్లా అల్లుకుపోతాయి. ల్యాంపులోంచి తీసి, పైన తుడవగానే ఆ చేత్తో బ్యాగు అడుగున తాళంచెవి వెతుక్కోవచ్చు. రెండు వారాలు నిశ్చింత, మూడో వారం కాస్త సర్దుబాటు. నాలుగో వారానికి ఈడిస్తే మాత్రం అంచు లేస్తుంది. తల దువ్వుకునేటప్పుడు ఒక వెంట్రుక ఆ సందులో ఇరుక్కుందంటే ఆ పూటకు చిరాకు చాలు.

మొదటిసారి ల్యాంపులో చెయ్యి పెట్టినప్పుడు కొన్ని సెకన్లకే గోటి కింద చురుక్కుమంది. జెల్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, పొర మందంగా ఉంటే ఇంకా ఎక్కువ. ఓర్చుకోవాల్సిన పని లేదు. చెయ్యి బయటికి తీసి మళ్లీ పెట్టాలి, పొర పల్చగా వేయమని చెప్పాలి. తీశాక పైన జిగటగా ఉంటే పని చెడిందేమోనని గాభరా పడ్డాను. గాలిలోని ఆక్సిజన్ ఆ పై పొరను గట్టిపడనివ్వదు. ఆల్కహాల్‌తో తుడిస్తే పోతుంది.

అసలు కథ తీయడంలో ఉంది. మొదటి ఏడాది ఒక సాయంత్రం ఫోను మాట్లాడుతూ, చూపుడువేలి మీద లేచిన అంచును గిల్లాను. టిక్కుమని ఊడింది. హాయిగా కూడా అనిపించింది, దాచడమెందుకు! మాటలు ముగిసేసరికి మూడు వేళ్లు ఖాళీ. ఒడిలో పడ్డ ఒక పెంకును తిరగేసి చూస్తే వెనకవైపు ఉల్లిపొరల్లాంటి తెల్లటి పొరలు అతుక్కుని ఉన్నాయి. అవి నా గోటివి. గోటి మందమే సుమారు అర మిల్లీమీటరు, అందులోంచి పొరలు పొరలుగా పీకేసుకున్నాను. ఆ తరువాత కొన్ని వారాలు వేడినీళ్లు తగిలితే చురుకు, గుండీ పెట్టుకుంటే గోరు వెనక్కి వంగేది. అంటుకున్న టేపు చివరను లేపడం నా వల్ల కాలేదు. పూర్తిగా కొత్త గోరు రావడానికి సుమారు ఆరు నెలలు పట్టింది. నూనె రాస్తే పెళుసుదనం తగ్గింది గానీ పెరిగే వేగం మారలేదు. గోళ్లకు ఊపిరాడనివ్వాలి అని నాకు చాలామంది సలహా ఇచ్చారు. గోటి పెంకుకు ప్రాణం లేదు, ఊపిరీ లేదు. విరామమిస్తే దెబ్బతిన్న భాగం పెరిగి బయటికి పోతుంది, అంతే.

సరిగా తీయాలంటే పై మెరుపును ఫైల్‌తో గరుకు చేసి, అసిటోన్‌లో తడిపిన దూది పెట్టి, వేలికి అల్యూమినియం రేకు చుట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి. అప్పుడు చెక్కపుల్లతో మెల్లగా నెడితే జారిపోతుంది. జారకపోతే ఇంకో ఐదు నిమిషాలు. గీకడం మొదలైందంటే పని చెడినట్టే. ఐదు నెలల కిందట, నాకు ఎప్పుడూ వేసే అమ్మాయి ఊళ్లో లేదని వేరే పార్లర్‌కు వెళ్లాను. అక్కడామె రేకు జోలికే పోకుండా మోటారు ఫైల్ అందుకుంది. బొటనవేలి దగ్గరికి వచ్చేసరికి "మండుతోందండీ" అన్నాను. "కొంచెం ఓర్చుకోండి, అయిపోయింది" అంది. ఓర్చుకున్నాను. గాడిలో సగం ఆమెది, సగం నాది. ఇప్పుడు కొత్త చోట రంగులు చూడకముందే "ఎలా తీస్తారు?" అని అడుగుతాను.

మధ్యలో మా అక్కా నేనూ ఇంట్లోనే వేసుకుందామని ల్యాంపు కొన్నాం. మా పొదుపు ఆలోచనల్లో అంత చెడ్డది ఇంకోటి లేదు. పాలిష్ ఒక కంపెనీది, ల్యాంపు ఇంకో కంపెనీది. రెండూ పొసగక జెల్ లోపల పచ్చిగానే ఉండేది. పైగా మా పనితనానికి పక్కనున్న చర్మం మీదికి పారేది. నాలుగు నెలలకు అక్కకు కనురెప్పలు దురదపెట్టి వాచాయి. కాటుక మార్చింది, సబ్బు మార్చింది. చర్మవైద్యురాలు మాత్రం ముఖం చూసి, చేతులు చూపించమన్నారు. అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్టులో, జెల్‌లో ఉండే అక్రిలేట్లనే రసాయనాల అలర్జీ అని తేలింది. గట్టిపడని జెల్ పదే పదే చర్మానికి తగిలితే ఇది రావచ్చు, వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. వేళ్లు ముఖానికి తగులుతూనే ఉంటాయి కదా, అందుకే ముందు రెప్పలు చెప్పాయి. కొన్ని పళ్ల ఫిల్లింగుల్లోనూ ఈ కుటుంబపు పదార్థాలే ఉంటాయి కాబట్టి దంతవైద్యుడికి తప్పక చెప్పమన్నారు. అక్క ఇక జెల్ ముట్టదు, ల్యాంపు అటక మీద ఉంది.

అప్పటి నుంచి సీసా వెనక చిన్న అక్షరాలు చదువుతున్నాను, దానికి కళ్లజోడు కావాల్సి వస్తోంది. ఈ అలర్జీలకు తరచూ కారణమయ్యే, అదే కుటుంబానికి చెందిన హెచ్‌ఈఎంఏ అనే రసాయనాన్ని గోళ్ల ఉత్పత్తుల్లో వృత్తి నిపుణులే వాడాలని యూరోపియన్ యూనియన్ 2020లో నిబంధన చేసింది. వెలుతురుకు జెల్ గట్టిపడేలా చేసే టీపీఓని 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. ఆ రెండూ లేనివి అడిగితే దొరుకుతున్నాయి. ఇక ల్యాంపు నుంచి వచ్చేవి అతినీలలోహిత కిరణాలే కాబట్టి, వెళ్లే ముందు చేతులకు సన్‌స్క్రీన్ రాసుకుంటాను. గోళ్లు గిల్లే అలవాటున్నవాళ్లకు మాత్రం జెల్ వద్దనే చెబుతాను. అలవాటు మానాక నాకు బాగా పనికొచ్చింది.

ఈ ఆదివారం గాడి ఉన్న ఆ చివరి ముక్క కత్తిరించేస్తాను. పాత అమ్మాయి ఊరినుంచి తిరిగొచ్చింది, మంగళవారానికి రమ్మంది. రంగు ఇంకా తేల్చుకోలేదు.