రాత్రి ఆకాశానికి ఆర్చెస్ కోల్డ్ ప్రెస్ 300 జీఎస్ఎం పనికొస్తుందా?

వాటర్ కలర్‌లో వెలుగు చిమ్మే రాత్రి ఆకాశం కుదరకపోతే చాలామంది రంగులు మారుస్తారు. మార్చాల్సింది కాగితం. ఆ వెలుగు తెల్లరంగుతో వచ్చేది కాదు, పలచటి పూత కింద నుంచి కనిపించే కాగితం తెలుపే. చుట్టూ ఉన్న ముదురు నీలం గీత పడకుండా అందులో కలిసిపోవాలంటే తడి త్వరగా ఆరకూడదు. ఆర్చెస్ అనే బ్రాండ్ వాటర్ కలర్ కాగితం ఆ పని బాగా చేస్తుంది. కోల్డ్ ప్రెస్ అంటే కాస్త గరుకుగా ఉండే రకం, 300 జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు.

ఇది పూర్తిగా కాటన్. జెలటిన్ సైజింగ్, అంటే నీరు త్వరగా ఇంకకుండా పట్టించే జిగురు, లోపలిదాకా ఉంటుంది కాబట్టి రంగు వెంటనే ఇంకిపోక పైనే కదులుతూ ఉంటుంది. చెక్క గుజ్జుతో చేసిన చవక సెల్యులోజ్ కాగితం మీదైతే మూడో రంగు అందుకునేలోపే మొదటిది ఆరిపోతుంది. తడిపినప్పుడు కాస్త నీచు వాసన వస్తే అది జెలటిన్‌దే, కాగితం పాడైందని కంగారు పడక్కర్లేదు.

వెడల్పాటి మెత్తటి కుంచెతో రెండుసార్లు నీళ్లు పూయండి. నిలిచిన నీళ్ల మెరుపు పోయి సన్నటి నిగనిగ మిగిలాక, వెలుగు కావాల్సిన చోట పలచగా నిమ్మపసుపు వేయండి. దాని పక్కనే నీలం పెడితే ఆకుపచ్చగా మారుతుంది, అందుకే చుట్టూ క్వినాక్రిడోన్ రోజ్ (గులాబీ రంగు) పట్టీ ఉండాలి. ఆపైన వయొలెట్, థాలో బ్లూ (ఘాటైన నీలం), అంచులకు ఇండిగో (నలుపు తిరిగిన ముదురు నీలం). రంగు మారిన ప్రతిసారీ కుంచెలో నీళ్లు తగ్గాలి, రంగు చిక్కబడాలి. సగం ఆరిన పూతకు నీళ్లెక్కువున్న కుంచె తగిలిందా, రంగును పక్కకు నెట్టి గరుకు అంచుల మచ్చ చేస్తుంది. నిగనిగ పోయిందంటే ఇక ముట్టుకోకండి. పూర్తిగా ఆరాక మళ్లీ తడిపి రెండో పూత వేసుకోవచ్చు. ఇండిగో ఆరాక లేతబడుతుంది, అందుకే తడిలో ‘మరీ నల్లగా అయిందే’ అనిపించాలి.

ఇబ్బందులూ ఉన్నాయి. థాలో బ్లూ ఈ కాగితాన్ని గట్టిగా పట్టుకుంటుంది. చందమామను చివర్లో తుడిచి తెల్లగా తీద్దామంటే కుదరదు. పొడి కాగితం మీద ముందే మాస్కింగ్ ఫ్లూయిడ్ (రంగు అంటకుండా ఆపి, తర్వాత ఒలిచేసే ద్రవం) పెట్టాలి, రంగు బాగా ఆరాక అదే రోజు తీసేయాలి. పైపొర గట్టిది, జాగ్రత్తగా తీస్తే చిరగదు. హెయిర్ డ్రయ్యర్ వేడి మాత్రం తగలనివ్వకండి, ఫ్లూయిడ్ అతుక్కుపోతుంది.

300 జీఎస్ఎం అయినా విడి షీటు ఉబ్బుతుంది, పల్లాల్లో రంగు చేరి మరకలవుతుంది. బ్లాక్ అంటే కాగితాల దొంతర, దాని అంచులు అంటించి ఉంటాయి కాబట్టి ఆ బాధ తక్కువ. అయితే బ్లాక్‌లో వెనక వైపు తడపలేం. ఆకాశం వరకైతే విడి షీటే నయం. రెండు వైపులా తడిపి అక్రిలిక్ పలక మీద పరిస్తే చాలాసేపు ఆరదు.

ఈ కాగితం నేచురల్ వైట్ రకంలో కాస్త మీగడ ఛాయ ఉంటుంది, చల్లటి వెలుగు కావాలంటే బ్రైట్ వైట్ తీసుకోండి. నక్షత్రాలకు తెల్ల గువాష్‌ను (కింది రంగును కనిపించనివ్వని రంగు) పూర్తిగా ఆరిన ఆకాశం మీదే చిలకరించాలి. నీళ్లెక్కువైతే చుక్కలు ఆరాక బూడిదగా మిగులుతాయి. ముందు చిత్తు ముక్క మీద చూసుకోండి.

ఖరీదు ఎక్కువే. కానీ బొమ్మ చెడితే పారేయక్కర్లేదు, వెనక వైపూ వేసుకోవచ్చు.