ఎలకల మందు వద్దు, పొగకుండ చాలు: మా చేన్లో పని చేసిన యానాది టీమ్ గురించి రివ్యూ

ముందే రేటింగ్ ఇచ్చేస్తాండా, 5కి 4.5. మాది శ్రీనివాసమంగాపురం దాటినాక కొండ కింద పల్లె, బోరు కింద ఒక పక్క వరి, ఒక పక్క చెనిక్కాయ, ధరణి రకం, మన తిరుపతి రీసెర్చ్ స్టేషన్‌లో తయారైన విత్తనమే. ఈ తూరి వరి పొట్టకొచ్చే ముందర్నుంచే ఎలకలు తగులుకున్నాయి. పొద్దున్నే పోయి చూస్తే మడి మధ్యలో పిలకలు ఏటవాలుగా కొరికి పడేసుంటాయి, గెనిమ పక్కన మాత్రం పచ్చగా ఉంటాది, దూరం నుంచి చూసినోళ్ళకి పైరు బ్రహ్మాండం అనిపిస్తాది, లోపలికి దిగితే గానీ తెలీదు. చెనిక్కాయ చేన్లో అయితే ఊడల కాడ మట్టి తోడేసి కాయలు ఒలుచుకుని పొట్టు ఆడనే పడేసి పోతాండాయి.

మందుల షాపుకి పోతే ఎవురైనా చెప్పేది ఒకటే, ఎలకల మందు కేకు పెట్టన్నా అని. నేను కేకు పెట్టలేదు, ఎలకలు పట్టే యానాది వాళ్ళని పిలిపించినా. ఎందుకో కింద వివరంగా రాస్తా, ముందు వాళ్ళ పని గురించి.

టీమ్ అంటే యూనిఫామ్, వ్యాను అట్లాంటివేం లేవు. ఏర్పేడు పక్కనుంచి వచ్చిన ఒక కుటుంబం, ఒక తాత, ఆయన కొడుకు, కోడలు, ఇద్దరు కుర్రోళ్ళు. చేతిలో గడ్డపార, పార, ఒక మట్టికుండ, గోనె సంచులు, అంతే. వచ్చీ రాగానే తవ్వుడు మొదలుపెట్టరు. తాత ఒక్కడే గెనిమల మీద ఒక రౌండు తిరిగొచ్చినాడు, ఏ బొక్కలో ఎలక ఉండాది, ఏది ఖాళీ అనేది బయట పడిన మట్టిని చూసే చెప్పేస్తాడు, మట్టి కొత్తగా తేమగా ఉంటే లోపల ఉన్నట్టు, ఎండి గట్టిపడి సాలెగూడు పట్టుంటే వదిలేసినట్టు. మామూలుగా మన ఆఫీసర్లు చెప్పే పద్ధతి ఏందంటే సాయంత్రం బొక్కలన్నీ మూసేసి, పొద్దున ఏవి తెరుచుకున్నాయో చూసి వాటికే మందు పెట్టాల. అది కరెక్టే, కానీ ఈ తాతకి ఆ రాత్రి అవసరం లేదు, ఆయన చెప్పిన బొక్కల్లో ఖాళీగా వచ్చినవి శానా తక్కువ.

తర్వాత కుర్రోళ్ళు పక్క దార్లన్నీ బురదతో మూసేస్తారు. కుండ అడుగున చిన్న చిల్లి ఉంటాది, లోపల ఎండుగడ్డి, పైన పచ్చాకు కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని బొక్కకి ఆనించి చుట్టూ మట్టి మెత్తి, ఆ చిల్లి కాడ నోరు పెట్టి ఊదుతారు. పొగ లోపలికి పోయి ఎక్కడో నాలుగు బారల దూరంలో ఇంకో చోట సన్నగా లేస్తాది, అక్కడ ఆ కోడలు రెడీగా ఉంటాది, టక్కున మట్టి ముద్ద పెట్టేస్తాది. కాసేపాగి తవ్వితే ఎలక మత్తుగా దొరుకుతాది, చేత్తోనే పట్టేస్తారు. మా గెనిమల్లో ఎక్కువ దొరికింది పందికొక్కు జాతిలోనే చిన్న రకం, ముక్కు మొద్దుగా, పట్టుకుంటే గుర్రుమంటాది. చెనిక్కాయ చేను పక్క ఎర్రమట్టిలో వేరే రకం, పెద్ద కండ్లు, తోక చివర నల్ల కుచ్చు, దాన్ని పట్టడం కష్టం, దుముకుతా పోతాది. ఒక బొక్కలో అయితే కంకులు కంకులే దాచి పెట్టుకోనుండాది, చాటకి ఎత్తితే నిండింది. ఆ వడ్లు వాళ్ళవే, అది మొదట్నుంచి వస్తాండే రివాజు, దాని మీద బేరం ఆడొద్దండి దయచేసి. పట్టిన ఎలకలు కూడా వాళ్ళే తీసుకుపోతారు, కాల్చుకుని తింటారు, మందు తగలని ఎలక కాబట్టే తినగలరు.

రేటు తోక లెక్క, తోకకి 40 రూపాయలు మాట్లాడుకున్నాం, టీ, మధ్యాన్నం భోజనం మనదే. కేకు డబ్బాతో పోలిస్తే చేతినుంచి పోయే డబ్బు ఎక్కువే, నిజం చెప్తాండా. కానీ ప్రతి తోక కండ్ల ముందర లెక్కేసి ఇస్తారు, ఏం చచ్చిందో ఏం చావలేదో తెలీని మందు కంటే నాకు ఇదే నచ్చింది. ఇంకో మాట, డబ్బు ఆ రోజుకారోజు చేతికి ఇచ్చేయండి. ఈ కుటుంబాల్ని అప్పు పేరుతో ఏండ్లకేండ్లు కట్టిపడేసి పని చేయించుకున్న చరిత్ర మన పక్కన శానా ఉండాది, "వచ్చే వారం చూద్దాం" అనే మాట వాళ్ళతో అనే హక్కు మనకి లేదు.

అర మార్కు కోసింది గెనిమల గురించి. తవ్విన చోట మట్టి తోసి పోతారు గానీ గట్టిగా తొక్కరు, నీళ్ళు పెట్టినప్పుడు రెండు చోట్ల గండి పడింది, మళ్ళా మనమే మనిషిని పెట్టి గట్టి చేయించుకోవాల. మట్టి తొక్కించే పని కూడా మాటలోనే కలుపుకోండి, దానికి వేరే డబ్బు ఇస్తే చేస్తారు. చేతులకి గ్లౌజులు కూడా మనమే కొనిపెడితే మంచిది, ఎలకల ఉచ్చతో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తాది, బురదలో పుండు చేతుల్తో పని చేసేటోళ్ళకి ఆ రిస్కు ఇంకా ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. మా మోటారు షెడ్డు కాడ రాత్రి టార్చి వేస్తే ఒక్కోసారి జంగపిల్లి కనిపిస్తాది. ఇంటి పిల్లి కంటే పొడుగు కాళ్ళు, పొట్టి తోక, తోక చివర నల్ల పట్టీలు, మనల్ని చూసి పరిగెత్తదు, నిదానంగా గెనిమ దిగి వరి లోపలికి పోతాది. దానికి మా పైరుతో పనేం లేదు, ఎలక కోసమే వస్తాది. రాజస్థాన్‌లో సరిస్కా అడవిలో జంగపిల్లి మలంలో దొరికే వెంట్రుకలు, ఎముకలు చూసి అది ఏం తింటాదో లెక్క కట్టినారు, 2004లో ఆ పేపర్ వచ్చింది, దాని తిండిలో నూటికి 95 వంతులు ఎలక జాతివే, రోజుకి మూడు నుంచి ఐదు ఎలకలు, అంటే ఏడాదికి వెయ్యికి పైన. అదే అడవిలో నక్క తిండిలో కూడా దగ్గర దగ్గర సగం ఎలకలే. ఆ లెక్క చదివినాక షెడ్డు కాడ కనిపించే పిల్లిని చూసే చూపే మారిపోయింది నాకు, జీతం అడగని కాపలాదారు అది.

ఒక్క జంగపిల్లే కాదు. గుంటనక్క మెట్ట చేన్లలో బొక్క చేసుకుని ఉంటాది, ఎలకలు, పురుగులు, రేగుపండ్లు ఏవి దొరికితే అవి. ముంగిస పగటి పూట డ్యూటీ. నుదుటి మీద తెల్ల చారలుండే నామాల పిల్లి అయితే కేజీ, కేజీన్నర తూగుతాది అంతే, ప్రపంచం మొత్తంలో ఇండియా, శ్రీలంక, నేపాల్‌లోనే ఉండాది, దానికీ చిట్టెలకలు, చిన్న పిట్టలే ఆధారం. ఇంక పునుగుపిల్లి సంగతి తిరుపతి వాళ్ళకి నేను చెప్పాలా, శుక్రవారం అభిషేకం అయినాక స్వామికి పూసే పునుగు తైలం దానిదే కదా, ఆ పిల్లి కూడా రాత్రంతా నేల మీద వెతుక్కునేది ఎలకల్నే ఎక్కువ. 1989లో నేషనల్ పార్క్ అయినాది మన కొండ, 2010లో శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ కూడా అయినాది, సంతోషం, కానీ ఈ చిన్న జంతువులకి బోర్డు ఎక్కడ ఆగిపోయిందో తెలీదు, తిండి మన చేన్లలో ఉంటే రాత్రి మన చేన్లలోకే వస్తాయి.

ఆ కేకులో ఉండేది బ్రోమడయోలోన్, 0.005 శాతం. తిన్న ఎలక అక్కడికక్కడ చావదు, అది ఒంట్లో విటమిన్ కె పనిని ఆపేస్తాది, రక్తం గడ్డ కట్టదు, లోపల్లోపల కారిపోయి నాలుగైదు రోజులకో వారానికో చస్తాది. ఆ మధ్యలో ఏమైతాదంటే ఎలక నీరసంగా పగటి పూట కూడా బయట తిరుగుతా ఉంటాది, పిల్లికి నక్కకి దానికంటే సులువైన వేట ఉండదు, ఆ ఎలకని తింటే మందు దాని కాలేయంలోకి చేరి నెలలకొద్దీ ఉండిపోతాది, మళ్ళా ఇంకో ఎలక, మళ్ళా ఇంకొంచెం. అమెరికాలో కాలిఫోర్నియా అడవుల్లో ఫిషర్ అని ఒక జంతువు ఉండాది, ముంగిస కంటే పెద్దది, దట్టమైన బొచ్చు, ఆ బొచ్చు కోసమే ఒకప్పుడు వేటాడి తగ్గించేసినారు. చచ్చిన ఫిషర్లని కోసి చూసిన లెక్క 2012లో వచ్చింది, 58లో 46 కాలేయాల్లో ఇట్లాంటి ఎలకల మందులే దొరికినాయి. వాటిలో శానా మటుకు మందు వల్లే చచ్చినాయని కాదు, కానీ నడి అడవిలో ఉండే జంతువు ఒంట్లోకే ఎక్కింది చూడండి.

జింకు ఫాస్ఫైడు గురించి కూడా అడుగుతారు. నూకలు 96 పాళ్ళు, నూనె 2, మందు 2, నాయన కాలం నుంచి కలుపుతాండేదే. అది కడుపులో గ్యాసు అయిపోతాది కాబట్టి కాలేయంలో పేరుకునే గొడవ తక్కువ, కానీ కడుపులో అరగని మందు ఉండే ఎలకని కుక్క తింటే కుక్క కూడా పోవచ్చు. పైగా కొంచెమే తిని జబ్బు పడి బతికిన ఎలకలు మళ్ళా ఆ ఎర ముట్టవు, అందుకే ముందు రెండు మూడు రోజులు ఉత్త నూకలు పెట్టి అలవాటు చేయాల, ఆ ఓపిక ఎవురికుంటాది.

ఇక్కడ మా చిన్నాయన ఒక ప్రశ్న వేసినాడు, మంచి ప్రశ్న. "పిల్లి కోసం మందు మానేసినావు సరే, మరి తాత పట్టుకుపోతే పిల్లికి తిండి యాడిది రా?" అని. నిజమే, ఎలక తగ్గితే దాన్ని తినేవి తగ్గుతాయి. కెనడాలో హడ్సన్స్ బే అని బొచ్చు తోళ్ళ కంపెనీ ఒకటుండేది, వాళ్ళ పాత ఖాతాల్లో లింక్స్ అనే అడవి పిల్లి తోళ్ళ లెక్క చూస్తే దగ్గర దగ్గర పదేండ్లకొకసారి పెరిగి పడిపోతా ఉంటాది, ఆ చలి అడవుల్లో కుందేళ్ళు ఎక్కువైనప్పుడు లింక్స్ ఎక్కువ, కుందేళ్ళు పోతే అవీ పోతాయి. మన జంతువులు అంత ఒక్కదాని మీదే బతికేవి కావు, కానీ జంగపిల్లికి మాత్రం ఎలక లేకుంటే బతుకు శానా కష్టం.

అందుకే తాతతో ముందే మాట్లాడుకున్నా. మడి గెనిమలు, చెనిక్కాయ చేను వరకే తవ్వండి, గుట్ట పక్క తుమ్మచెట్ల కింద పొద ఉండే పట్టీ ముట్టొద్దు అని. "అట్నేలే సామీ, ఆడుండేవి నీ పైరుకి వచ్చేదాకా పిల్లి ఆగదులే" అన్నాడు, నవ్వుకుంటా చెప్పినాడు గానీ ఎంత నిజం. పందికొక్కు కడుపు మూడు వారాల చిల్లరే, పట్టినా మళ్ళా పుట్టుకొస్తాయి, సున్నా చేయడం ఎవురి వల్లా కాదు, చేయాల్సిన పని కూడా లేదు. పైరు పొట్ట దశలో గెనిమలు ఖాళీ అయితే చాలు, మిగిలింది ఆ పట్టీలో ఉంటాది, మందు లేకుండా ఉంటాది, తినేవి తింటాయి. చుంచెలకల్ని కూడా వదిలేయమన్నా, అవి పురుగులు తినేవి, వాటి కంపుకి పిల్లి కూడా చంపి వదిలేస్తాది గానీ నోట పెట్టదు.

నాకు ఇది ఎందుకు ఇంత ముఖ్యం అంటే, మనం ఈ జంతువుల్ని ఇప్పటికే ఒకసారి గట్టిగా ఊడ్చేసినాం. 1979లో మన దేశంలో జంగపిల్లి తోళ్ళ వ్యాపారం ఆపినప్పుడు వ్యాపారుల కాడ నిల్వ ఉండే తోళ్ళే మూడు లక్షల పైన లెక్క తేలినాయి.  ఇప్పుడు ఆ వేటకి చట్టం ఒప్పుకోదు, కానీ వాటి నోటి కాడి కూట్లో విషం కలిపితే ఆ బ్యాన్‌కి అర్థం ఏముండాది చెప్పండి.

రిజల్ట్ విషయానికొస్తే, వరిలో కొత్త కోతలు దాదాపు ఆగిపోయినాయి. చెనిక్కాయ వైపు పూర్తిగా ఆగలేదు, పక్క చేనుది బీడు కాబట్టి అట్నుంచి వస్తానే ఉండాయి, అక్కడ ఎలకలు పట్టే వెదురు బుట్టలు పెట్టించినా, పర్లేదు. ఈ సర్వీసు ఒక్క చేనుకి చేయిస్తే సగమే ఫలితం, ఇది బాగా గుర్తు పెట్టుకోండి, ఎలకకి మన సర్వే నంబర్లు తెలీవు, ఒకే కాలవ కింద ఉండే నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే వారంలో పిలిపిస్తే వాళ్ళకీ వరసగా పని, మనకీ ఖర్చు తగ్గుతాది. నాట్లు పడి పిలకలు వేసే టైములోనే పిలవండి, పొట్ట దాటినాక పైరు తొక్కిడికే నష్టం ఎక్కువ. కోతలు దగ్గర పడితే అందరూ ఒకేసారి పిలుస్తారు కాబట్టి దొరకరు, నెల ముందర మాట ఇప్పించుకోండి. ఫోన్ నంబర్ ఇక్కడ పెట్టను, ఏర్పేడు, శ్రీకాళహస్తి పక్క పల్లెల్లో ఎవుర్ని అడిగినా ఎలకలు పట్టే వాళ్ళని చూపిస్తారు. మాకు మాత్రం వచ్చే కారు పంటకి ఇప్పుడే చెప్పి పెట్టినాం, కాలవ కింద ఇంకో మూడు చేన్ల వాళ్ళు కూడా కలుస్తామన్నారు.